అంతకుముందు ఎలా దొరికేవి?

పదకొండింటికి లోపలికి పిలుస్తారు. ఇప్పుడు పదీ నాలుగు. ఒడిలో అట్ట, అట్ట మీద తెల్ల కాగితం, కాగితం మీద ఒకే ఒక్క వాక్యం, అదీ తనది కాదు. నిన్న సాయంత్రం పెద్దాయన చీటీ మీద రాసి పంపినదాన్ని ఆమె ఉన్నదున్నట్టు పైన దించుకుంది. ‘ప్యాకింగ్ విభాగం నిర్లక్ష్యం వల్ల పగిలిన సీసాల మీద ఫిర్యాదులు పెరిగిపోతున్నాయి. దీన్ని ఎలా అరికట్టాలి?’ రాస్తున్నంతసేపూ చేతికి ఏ అడ్డూ తగల్లేదు. చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి ఇది ప్రశ్నే అని ఎవరైనా నమ్ముతారు, తనూ నమ్మేది, నిర్లక్ష్యం అన్న మాట దగ్గర కళ్ళు ఆగకపోయి ఉంటే. ఆ మాటను అక్కడ ఎవరు పెట్టారు? ఎవరు వెళ్ళి చూసి వచ్చారు నిర్లక్ష్యాన్ని, అది ఎలా ఉంటుంది, ఏ బల్ల దగ్గర నిలబడి పనిచేస్తుంది? పరిశోధన ఇంకా మొదలే కాలేదు, దోషి మాత్రం మొదటి వాక్యంలోనే దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇక ఆరు వారాలపాటు తను చేయాల్సిందల్లా ఆ కుర్చీ వెనక దిండు సర్దడం. ఆమె ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీసింది, గీసి మళ్ళీ గడియారం వంక చూసింది.

ఒక పేజీయే కదా అంటారు అందరూ. పైన సమస్య ఏమిటో ఒక వాక్యం, కింద దాన్ని ఎలా తేల్చుతారో, ఎవర్ని అడుగుతారో, ఏం కొలుస్తారో, ఎన్నాళ్ళు పడుతుందో. నివేదిక రాకముందు వచ్చే నివేదిక, గాజు సీసాల ఫ్యాక్టరీలో అలాంటి పేజీలు రాయడమే ఆమె ఉద్యోగం, అందుకే కింది నుంచి పైదాకా ఆమెను రిపోర్టమ్మ అంటారు, మొదట్లో వెక్కిరింపుగా, తర్వాత అలవాటుగా. డైరెక్టరు వయసులో అందరికంటే చిన్నవాడైనా ఆయన్ని పెద్దాయన అంటారు, అదొక మర్యాద. ఆ పెద్దాయన ఇవాళ ఈ పేజీని పక్కన పెట్టుకుని, అది చెప్పినదాన్ని బట్టి, ముగ్గురు ప్యాకర్ల సంగతి తేల్చేస్తారు. ముగ్గురికీ మెమోలు వెళ్ళి పది రోజులైంది. ముగ్గురూ జవాబు రాయలేదు, రాయమని సూపర్‌వైజరు బతిమాలినా రాయలేదు. రిపోర్టమ్మ కూడా నిర్లక్ష్యమే అని రాస్తే భోజనాల వేళకి ముగ్గురూ గేటు బయట ఉంటారు. ఆ ముగ్గురిలో పెద్దావిడ ఆమె పిన్ని, అమ్మ సొంత చెల్లెలు, అమ్మ పోయాక ఆమెను పెంచిన మనిషి, ప్యాకింగ్ హాల్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల దగ్గర నిలబడుతున్న మనిషి. పై అంతస్తులో ఈ చుట్టరికం ఎవరికీ తెలియదు. ‘అక్కడ నన్ను పిన్నీ గిన్నీ అనకు, నీకు చులకన’ అని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆవిడ హెచ్చరించింది, ఈమె అప్పుడు ముద్దుగా కోప్పడింది కానీ లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకుంది, ఆ హాయికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పదీ పన్నెండు. బెంచీ చల్లగా ఉంది. మూలన మంచినీళ్ళ యంత్రం ఉండి ఉండి గుడగుడమంటోంది. పెద్దాయన తలుపుకు ఇటుపక్క పి.ఏ. అమ్మాయి తల ఎత్తకుండా టైపు కొడుతోంది. మొదటి వాక్యం తప్పయితే ఏమవుతుందో తనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మకి మొదటిసారి ఆస్పత్రిలో ఇచ్చిన చీటీ మీద ‘నీరసం’ అని రాశారు. రెండో డాక్టరు ఆ చీటీ చూసి నీరసానికి మందిచ్చాడు, మూడో ఆయన ఆ ఇద్దరి చీటీలూ చూసి మందు మోతాదు పెంచాడు, ఏడాదిపాటు అందరూ నీరసం ఎందుకు తగ్గడం లేదు అనే ఆలోచించారు తప్ప ఇది అసలు నీరసమేనా అని ఒక్కరూ అడగలేదు. అడిగేసరికి అడగడానికి ఏమీ మిగల్లేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరూ కష్టపడ్డారు, ఒక డాక్టరు సెలవు రోజున కూడా వచ్చి చూశాడు. పైన రాసి ఉన్న మాటను నమ్మారు, అంతే. తర్వాత కాలేజీలో పరిశోధనా పద్ధతులు చెప్పే మాస్టారు, జవాబును కడుపులో పెట్టుకున్న ప్రశ్న ప్రశ్న కాదమ్మా, తీర్పు అని చెప్పినప్పుడు క్లాసంతా రాసుకుంది, ఈమె ఒక్కతీ రాసుకోలేదు, అమ్మ చీటీ గుర్తొచ్చి పెన్ను మూత పెట్టేసింది.

సరే. నిర్లక్ష్యం తీసేద్దాం. తీసేస్తే ఏం మిగులుతుంది? ‘పగిలిన సీసాలు కొనుగోలుదారులకు ఎందుకు చేరుతున్నాయి?’ బాగానే ఉంది, కానీ మరీ వదులుగా ఉంది, ఊరందరికీ సరిపోయే చొక్కా ఎవరికీ సరిపోదు. అయినా అవి పగిలిన సీసాలు కావు. పగిలినది ఎవరికైనా కనబడుతుంది. ఇవి వెంట్రుకంత పగులు లోపల దాచుకుని పైకి నున్నగా నిగనిగలాడుతూ వెళ్ళే సీసాలు, మందుల కంపెనీలో వెచ్చటి సిరప్ పోయగానే చేతిలోనే రెండుగా విడిపోతున్నాయి. పోయిన నెల అక్కడ సీసాలు నింపే ఒకామె అరచెయ్యి తెగింది, ఎనిమిది కుట్లు. ఆ ఫిర్యాదు ఉత్తరం ఫోటోతో సహా వచ్చింది, ఈమె ఆ ఫోటోను ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టింది, అయినా ఫైలు తెరిచిన ప్రతిసారీ ముందుగా అదే గుర్తుకొస్తుంది. కాబట్టి ప్రశ్న మార్చాలి. ‘వెంట్రుకంత పగుళ్ళున్న సీసాలు ప్యాకింగ్‌లో దొరక్కుండా బయటికి ఎందుకు పోతున్నాయి?’ ఇది కొంచెం నయం. పగుళ్ళు ఎక్కడ పుడుతున్నాయన్నది ఒకటి, పుట్టినవి ఎందుకు దొరకడం లేదన్నది మరొకటి, రెండిటినీ ఒకే మూటలో కట్టకూడదు. పుట్టడం సంగతి చూస్తే, వేడి సీసాలు నెమ్మదిగా చల్లారే సొరంగం ఉంది, పోయినేడాది దాని వేగం పెంచారు, తొందరగా చల్లారిన గాజు లోపల్లోపలే చిట్లుతుంది. లారీలున్నాయి, కొత్త దారిలో గుంతలున్నాయి. తిలా పాపం తలా పిడికెడు అని ఊరుకుంటే అందరూ సంతోషిస్తారు, ఎవరికీ ఏమీ కాదు, ఇంకో అరచెయ్యి తెగుతుంది.

లెక్కల విభాగంలో ఒకాయన ఉన్నాడు, దశాంశం గారు, అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు, ఎంతమంది వచ్చారంటే కూడా పాయింటు తర్వాత రెండు అంకెలు చెప్పే మనిషి. మొన్న ఆయన క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా పళ్ళెం పెట్టుకుని, ‘ఫిర్యాదులు నెమ్మదిగా ఎక్కలేదండీ, మెట్టు ఎక్కినట్టు ఎక్కాయి, పోయినేడాది ఏడో నెల దాకా ఒక వరస, ఎనిమిదో నెల నుంచి ఇంకో వరస’ అన్నాడు. ‘మనుషుల నిర్లక్ష్యం ఒక్క నెలలో అందరికీ ఒకేసారి పట్టుకోదు కదండీ, అదేమన్నా జలుబా?’ ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. సొరంగం వేగం పెంచింది పదకొండో నెల, లారీల దారి మారింది అంతకంటే తర్వాత. మరి ఎనిమిదో నెలలో ఏం జరిగింది? ఆ మాట అప్పుడే మనసులో ఎక్కడో తగిలింది, తగిలిన చోటును తను తడుముకోలేదు, కావాలనే తడుముకోలేదేమో, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని.

పదీ ఇరవై రెండు. ఎదురుగా గోడ మీద తన ఫోటోయే. ఎంత సేపటినుంచో దానిని తప్పించుకుని గడియారాన్నీ నీళ్ళ యంత్రాన్నీ చూస్తోంది. ఫోటోలో పెద్దాయన ఆమెకు జ్ఞాపిక అందిస్తున్నాడు, కింద తళతళలాడే అక్షరాల్లో ‘సంవత్సరపు ఉత్తమ నివేదిక, ప్యాకింగ్ హాల్లో రొద, చెవుల రక్షణ’. మంచి నివేదిక అది, ఇప్పటికీ ఒక్క అంకె తప్పు కాదు. హాలు నడుమ మీటరు పెట్టించి రోజంతా రొద కొలిపించింది, క్యాంటీన్‌లో ప్రశ్నల కాగితాలు పంచింది, ‘రొద మీకు ఇబ్బందిగా ఉందా, తలనొప్పి వస్తుందా, ఇంట్లో టీవీ గట్టిగా పెట్టుకుంటారా’, ఇరవై రెండు మందీ అవును అవును అవును అని టిక్కు పెట్టారు. కన్వేయరు పళ్ళ మోత, అట్టపెట్టెలు కొట్టే యంత్రం, పైన నాలుగు పెద్ద ఫ్యాన్లు, ఆ రొదలో ఎనిమిది గంటలు నిలబడితే చెవులు పోక ఏమవుతాయి. అందుకే అందరికీ మెత్తటి చెవి బిరడాలు ఇవ్వాలని రాసింది. ఇచ్చారు. పెట్టుకోకపోతే హాజరు వేయరు. ‘సీసాలకి మూతలు పక్క కంపెనీలో పెడతారు, మాకు మాత్రం ఇక్కడే బిరడా బిగించేశారు’ అని పిన్ని ఇంటికొచ్చి నవ్వించింది. బిరడాలు వచ్చింది ఏ నెల? జ్ఞాపకం చేసుకోనక్కర్లేదు. బిరడాలు పంచిన రోజే జ్ఞాపికా ఇచ్చారు, ఫోటో కింద తేదీ ఉంది. ఎనిమిదో నెల మొదటి వారం.

అయితే ఏం? బిరడాలకూ పగుళ్ళకూ ఏమిటి సంబంధం? చెవులతో కదా వినేది, సీసాను చూసేది కళ్ళతో. పని పద్ధతుల పుస్తకంలో స్పష్టంగా ఉంది, దీపం ముందు సీసాను ఎత్తి ఒక చుట్టు తిప్పాలి, నాలుగు సెకండ్లు, చూడాలి, పెట్టెలో పెట్టాలి. చెవి ప్రసక్తే లేదు. ఒకే నెలలో రెండు జరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి తల్లి కాదు, కాకి వాలగానే తాటిపండు పడిందని కాకిని పట్టుకుంటామా, అదీ ఆ మాస్టారే చెప్పాడు. ఊపిరి కాస్త తేలిక అయింది. అప్పుడే పి.ఏ. అమ్మాయి గాజు గ్లాసులో గ్లూకోజు పొడి వేసుకుని స్పూనుతో తిప్పింది. ఖణ్ మంది గ్లాసు. వరండా అంతా నిశ్శబ్దంగా ఉందేమో, ఆ చప్పుడు సన్నగా సాగి గోడ దాకా వచ్చి ఆగింది. ఆమె వెన్ను నిటారుగా అయింది.

పిన్ని దేన్నయినా గోటితో మీటుతుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. పళ్ళెం తీస్తే మీటుతుంది, కుండ కొంటే మీటుతుంది, కిటికీ అద్దం తుడిచి మీటుతుంది, ఈమె లెక్కల్లో తప్పి ఏడుస్తూ కూర్చుంటే బుర్ర మీద మీటి, ఉండవే, లోపల సరుకు ఉందో లేదో చూడనీ అంటుంది. పిచ్చి అలవాటు అనుకుంది. ముద్దొచ్చే అలవాటు. హాల్లో బల్లల దగ్గర మిగతా ఆడవాళ్ళ చేతులు కూడా అలాగే ఆడతాయి కదా, ఎడమ చేత్తో సీసా ఎత్తి, దీపం ముందు తిప్పి, కుడిచేతి చూపుడువేలి గోరు సీసా భుజం మీద ఒక్కసారి, టక్, పెట్టెలో. చూసింది తను. కళ్ళారా చూసింది. కొత్తగా చేరినవాళ్ళు పాతవాళ్ళ చెయ్యి చూసి నేర్చుకుంటారు, పుస్తకం రాసిన ఇంజనీరు బల్ల దగ్గరికి రాడు కాబట్టి పుస్తకంలో అది లేదు. మట్టికుండ కొనేవాడు కూడా వాయించి చూసి కొంటాడే, మరి గాజు మాత్రం ఎందుకు వాయిస్తారనుకుంది? పగులు లేని సీసా ఖంగుమంటుంది. పగులున్నది బొంగురుగా పలుకుతుంది. కంటికి కనబడని పగులు. నాలుగు సెకండ్ల దీపానికి దొరకని పగులు.

‘అంతకుముందు ఎలా దొరికేవి?’ పెన్సిల్ దానంతట అదే రాసినట్టు రాసేసింది. ఎందుకు దొరకడం లేదు అని అందరూ అడుగుతున్నారు, పెద్దాయన, దశాంశం గారు, మందుల కంపెనీ, తను, ఎందుకు దొరకడం లేదు అంటే ఎవరో ఏదో చేయడం మానేశారనే కదా మనసు పోతుంది, బద్ధకం, పరధ్యానం, నిర్లక్ష్యం. అంతకుముందు ఎలా దొరికేవి అని ఒక్కరు అడిగి ఉంటే. తను అడిగి ఉంటే. రొద మీకు ఇబ్బందిగా ఉందా అని అడిగింది కానీ ఆ రొదలో మీరు దేనికోసమైనా చెవి పెట్టి వింటారా అని అడగలేదు. పన్నెండు ప్రశ్నలు రాసింది, ఆ పదమూడోది రాయలేదు, రాయనందుకు జ్ఞాపిక ఇచ్చారు. పదీ ముప్పై ఒకటి.

ఇంకా ఎవరికీ తెలియదు. ఈ బెంచీ మీద కూర్చున్న ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. సొరంగం వేగం మీద పరిశోధన చేద్దామని రాసేయొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు, సొరంగం వేగం నిజంగానే పెంచారు, పగుళ్ళు నిజంగానే కొన్ని అక్కడ పుడుతూ ఉంటాయి, మెమోలు ఆగిపోతాయి, పిన్ని బతుకుతుంది, ఫోటో గోడ మీదే ఉంటుంది, పామూ చావదు, కర్రా విరగదు. ఎంత బాగుంది. ఆ అరచెయ్యి ఒక్కటీ ఫైలు అడుగున లేకపోతే ఇంకా బాగుండేది. బిరడాల సంగతే రాద్దామంటే, రాసి, బిరడాలు తీసేస్తే చాలని ఊరుకోవడానికి లేదు. బిరడాలు తీస్తే ఆ రొద మళ్ళీ చెవులు తినేస్తుంది, ఇరవై రెండు మందినీ నెమ్మదిగా తినేస్తుంది, తినేసిందనే కదా ఆ నివేదిక. ఎవరి చెవి ఎంత మిగిలిందో తెలియకుండా గోటి పలుకును ఎవరు వింటున్నారో ఎలా తేలుతుంది? చెవుల పరీక్ష పెట్టాలి. పరిశోధన నిజాయితీగా ఉండాలంటే అందరికీ పెట్టాలి. అక్కడికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది, ఎందుకంటే పిన్ని ఇంట్లో టీవీ పెడితే పక్కవాళ్ళు తలుపు కొడతారు. సోఫాలో ఎప్పుడూ కుడివైపు చివరన కూర్చుంటుంది, మాట్లాడేవాళ్ళు తన ఎడమపక్క ఉండేట్టు. జోకు చెబితే అందరూ నవ్వాక నవ్వుతుంది. ఈమె చూసింది, మూడేళ్ళుగా చూస్తోంది, చూసి మాట్లాడలేదు, మాట్లాడితే అది నిజమైపోతుందని. పరీక్ష పెడితే మొదటి రోజే తేలిపోతుంది. చెవి లేని మనిషిని గాజు బల్ల దగ్గర ఎవరు ఉంచుతారు, ఇంకో రెండేళ్ళు చేస్తే తప్ప పింఛను లేదు. అమ్మ పోయిన రోజున తన జడ విప్పి నూనె రాసి మళ్ళీ జడ వేసింది ఆవిడ, ఏడవకుండా, ఒక్కో పాయా సమానంగా తీసి. ఆ చేతుల మీదికి ఇప్పుడు తను చీటీ రాసి పంపాలి.

లేచింది. పి.ఏ. అమ్మాయి బల్ల మీద లోపలి ఫోను ఉంది, ఒక్క కాల్ చేసుకోవచ్చా అంటే తల ఊపింది. ప్యాకింగ్ హాల్లో ఫోను మోగితే వినబడదు కనుక గోడ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగి ఉంటుంది. సూపర్‌వైజరు తీసి, ఎవరు కావాలో విని, కేకేసినా లాభం లేదని స్వయంగా వెళ్ళి భుజం తట్టి తీసుకొచ్చినట్టున్నాడు, నిమిషం పైనే పట్టింది.

‘ఎవరూ?’ గట్టిగా అరిచింది పిన్ని.

‘నేనే పిన్నీ. ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పు. సీసాని గోటితో మీటుతారు కదా, దేనికి?’

‘దేనికేమిటే? పలుకు వినడానికి.’

‘మరి బిరడాలు పెట్టుకున్నాక?’

‘మీటుతూనే ఉన్నాం’ అంది పిన్ని.

‘వినబడకుండానా?’

‘చేతికి అలవాటైపోయిందే. ఆగమంటే ఆగుతుందా?’

‘ఏడాదినుంచీ ఎందుకు చెప్పలేదు? మెమో వచ్చాక కూడా ముగ్గురూ నోరు విప్పలేదేం?’

‘నీ రిపోర్టుకి పేరొచ్చింది. ఫోటో పెట్టారు. మేం నోరు విప్పితే ఎవరి మీదికి వస్తుంది? నేనే చెప్పాను వాళ్ళతో, పిల్ల మీదికి తేవద్దు, వచ్చిన మాట మనం పడదాం అని.’

ఆమె ఫోను తీగను వేలికి చుట్టుకుంది, విప్పింది. ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఇద్దరికి తనతో ఏ చుట్టరికమూ లేదు, తన ఫోటో కోసం పది రోజులుగా నోరు కట్టుకుని కూర్చున్నారు. ఇలాంటి పిచ్చివాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని కోపం వచ్చింది, ఆ కోపం తనమీదే అని తెలుస్తూనే ఉంది.

‘పిన్నీ, చెవుల పరీక్ష కూడా రాస్తున్నాను. బల్ల దగ్గర ఉన్న అందరికీ.’

‘నాక్కూడానా?’

‘నీక్కూడా.’

‘కుడిచెవి పోయి మూడేళ్ళయిందే. నీకు తెలుసుగా.’

‘తెలుసు.’

‘తెలిసే రాస్తున్నావన్నమాట.’ ఆ గొంతులో ఉన్నది కోపమో నొప్పో ఆ రొదలో తేల్చుకోవడం కష్టం. తర్వాత, ‘ఆ మందుల కంపెనీలో పిల్లకి ఎన్ని కుట్లు పడ్డాయన్నావు?’

‘ఎనిమిది.’

‘రాయి మరి’ అని పెట్టేసింది.

పి.ఏ. అమ్మాయి టైపు కొట్టడం ఆపి ఆమె వంకే చూస్తోంది, పిన్నీ అన్న మాట వినేసింది, విననీ. పదీ నలభై మూడు. బెంచీ మీద కూర్చుని ఆమె కొత్త కాగితం తీసింది, ఇక ఆలోచించడానికి టైము లేదు, అదీ మంచిదే. పైన, ‘వెంట్రుకంత పగుళ్ళున్న సీసాలు అంతకుముందు ప్యాకింగ్‌లో ఎలా దొరికేవి? పోయినేడాది ఎనిమిదో నెల నుంచి ఎందుకు దొరకడం లేదు?’ దాని కింద అనుమానాలు, ఒక్కోటి ఒక్కో గీతలో, మొదటిది, చెవి బిరడాల వల్ల ప్యాకర్లు సీసా పలుకు వినలేకపోతున్నారు, పోయినేడాది నివేదిక దీన్ని గమనించలేదు. గమనించలేదు అన్న మాటను కొట్టేసి కాస్త మెత్తటి మాట కోసం వెతికింది, దొరికినవన్నీ అబద్ధాల్లా ఉన్నాయి, మళ్ళీ గమనించలేదు అనే రాసింది. రెండోది, చాలా ఏళ్ళ రొద వల్ల కొందరికి వినికిడి ముందే తగ్గిపోయింది. మూడోది సొరంగం, నాలుగోది లారీలు. ఎలా తేల్చాలి? పగులున్నవీ లేనివీ కలిపిన ఒకే రకం సీసాలు మూడు చోట్ల మీటించి చూడాలి, బిరడాలతో, బిరడాలు లేకుండా, రొద లేని గదిలో. ఎవరు ఎన్ని పట్టారో రాయాలి. ఇరవై రెండు మందికీ చెవుల పరీక్ష, వచ్చిన ఫలితం ఎవరి ఉద్యోగం తీయడానికీ వాడకూడదు, వినికిడి తగ్గితే అది హాలు చేసిన గాయం, మనిషి చేసిన తప్పు కాదు. ఈ వాక్యం పరిశోధన ప్రణాళికలో ఉండదగింది కాదని ఆమెకు తెలుసు, అయినా ఉంచింది. ఎవర్ని అడగాలి? ప్యాకర్లను, వాళ్ళ బల్ల దగ్గరే, క్యాంటీన్‌లో కాదు, టిక్కులతో కాదు. సూపర్‌వైజర్ని. పద్ధతుల పుస్తకం రాసిన ఇంజనీర్ని. అందరికంటే ముందు, పోయినేడాది నివేదిక రాసిన వ్యక్తిని. ఆ వ్యక్తిని అడగాల్సిన ప్రశ్నలు కూడా వరసగా రాసింది, ఆ క్షణంలో అదెవరో వేరే మనిషి అయినట్టు కనికరం లేకుండా రాసింది. గంట కొట్టకముందే పి.ఏ. అమ్మాయి, ‘రమ్మంటున్నారండీ’ అంది.

పెద్దాయన పేజీని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదువుతున్నప్పుడు ఆయన వేలు మొదటి అనుమానం దగ్గర ఆగింది, అక్కడే ఉండిపోయింది. బిరడాల ఆర్డరు మీద సంతకం ఆయనదే.

‘పోయినేడాది నివేదిక మీదే కదూ?’

‘నాదే సార్. ఇంకొకటి కూడా చెప్పాలి. మెమోల్లో మొదటి పేరు మా పిన్నిది.’

ఆయన తల ఎత్తి చూశాడు. తిడతాడనుకుంది, తిట్టలేదు. ‘అయితే ఇందులో మీరు సాక్షి. సాక్షే విచారణ చేయడం కుదరదు’ అని, పేజీ కింద పరిశోధకురాలు అని ఉన్నచోట ఆమె పేరు కొట్టేసి దశాంశం గారి పేరు రాశాడు, రాస్తూనే, ‘మెమోలు ఆరు వారాలు ఆగుతాయి. ఆ తర్వాత ఏమవుతుందో నేనిప్పుడు మాటివ్వను’ అన్నాడు. చెవుల పరీక్ష ఫలితం గురించి రాసిన వాక్యం కింద గీత గీశాడు. కొట్టేయలేదు, ఒప్పుకున్నట్టూ రాయలేదు, గీత గీసి ఊరుకున్నాడు. ఆమె ఆ గీతనే చూస్తూ నిలబడింది, ఆరు వారాలపాటు పిన్ని ఆ గీత మీద నిలబడాలి, ఇక పట్టుకోవడానికి తన చెయ్యి అక్కడ ఉండదు.

దశాంశం గారు ఆలస్యం చేసే మనిషి కాదు. పావుగంటలో పక్క గదిలో బల్లకు అటు ఆయన, ఇటు ఆమె. ఆమె రాసిన పేజీయే ఆయన ముందు ఉంది. కళ్ళజోడు తుడుచుకుని, ‘ఎవరితో మొదలుపెట్టాలో మీరే రాశారు కదండీ’ అన్నాడు, ఇబ్బందిగా. తర్వాత ఆమె రాసిన ప్రశ్నను ఆమెకే చదివి వినిపించాడు.

‘ఆ నివేదిక రాసేముందు ప్యాకింగ్ హాల్లో ఎంతసేపు నిలబడ్డారు?’

‘నలభై నిమిషాలు.’

ఆయన రాసుకున్నాడు. ఈసారి పాయింటు తర్వాత ఏమీ అడగలేదు. ‘ఆ నలభై నిమిషాల్లో ప్యాకర్లు సీసాలు మీటడం చూశారా?’

‘చూశాను.’

‘విన్నారా?’

‘లేదు.’

పేజీ మీద ప్రశ్నలు అక్కడితో అయిపోయాయి. ఆయన పెన్ను మూత పెట్టబోయి ఆగాడు. ‘ఎందుకు వినలేదండీ?’ అన్నాడు, ఆమె రాయని ప్రశ్న, తెలుసుకోవాలని అడిగిన మామూలు ప్రశ్న.

ఆమె తన రెండు చేతులనూ బల్ల మీద పెట్టి చూసుకుంది.

‘రొద భరించలేక, లోపల అడుగుపెట్టిన దగ్గర్నుంచీ చెవుల్లో వేళ్ళు పెట్టుకునే నిలబడ్డానండీ.’